యాభై రూపాయల జరిమానా... వీధిన పడ్డ ప్రాణం

పెంచినవారే వదిలించుకుంటున్న మూగజీవాలు. కరోల్‌బాగ్ వీధులు చెబుతున్న పాఠం

న్యూఢిల్లీ: రాత్రి దుకాణాల షట్టర్లు దిగిన తరువాత కరోల్‌బాగ్‌లోని అజ్మల్ ఖాన్ రోడ్డుకు మరో రూపం వస్తుంది. పగలంతా పెళ్లి బట్టలు, చెప్పులు, సూట్‌కేసులు బేరమాడే జనంతో కిక్కిరిసిన ఆ బజారులో మిగిలేది అట్టపెట్టెలు, తినుబండారాల బండ్లవారు వదిలిన ఆకు దొన్నెలు, వాటి కోసం వచ్చే వీధి కుక్కలు. ఆ గుంపులన్నింటికీ ఎవరి హద్దు వారికి ఉంటుంది. ఏ దుకాణం అరుగు ఎవరిదో, ఏ మలుపు దాటితే తగవు వస్తుందో వాటికి తెలుసు. ఆ లెక్క తెలియని జీవి ఒకటి అప్పుడప్పుడు వాటి మధ్య కనిపిస్తుంది. బొచ్చు జడలు కట్టి ఉంటుంది. మెడ చుట్టూ పట్టీ ఒరిసిన ఆనవాలు ఉంటుంది. వాహనం ఆగితే చాలు, తోక ఊపుతూ తలుపు దగ్గరకు పరుగెత్తుతుంది. దిగినవారు తనవారు కాదని గ్రహించి మళ్లీ గోడవారకు చేరుతుంది.

అది వీధిలో పుట్టిన కుక్క కాదు, ఒక ఇంట్లో పేరు పెట్టి పెంచిన కుక్క. దేశ రాజధానిలో వీధి కుక్కల సమస్యపై సుప్రీంకోర్టు మొదలు మొహల్లా సంఘాల వరకు అందరూ చర్చించారు. కానీ, ఇళ్లలో నుంచి వీధుల్లోకి నిశ్శబ్దంగా చేరుతున్న ఈ పాయ గురించి మాట్లాడినవారు తక్కువ. దానిని అరికట్టవలసిన చట్టమేమో 1960 నాటి యాభై రూపాయల దగ్గరే ఆగిపోయి ఉంది.

నిర్వాసితుల పేటలో నిర్వాసిత జీవులు

కరోల్‌బాగ్ చరిత్రే నిర్వాసితుల చరిత్ర. కొత్త రాజధాని నిర్మాణం కోసం బ్రిటిష్ ప్రభుత్వం రైసీనా పరిసర గ్రామాలను ఖాళీ చేయించినప్పుడు అక్కడివారిలో పలువురిని ఇక్కడికి తరలించారు. 1947లో దేశ విభజన జరిగినప్పుడు పశ్చిమ పంజాబ్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాలు ఇక్కడే తలదాచుకుని, క్రమంగా ఈ పేటను ఉత్తర భారతంలోనే పేరున్న వ్యాపార కేంద్రంగా తీర్చిదిద్దాయి. దక్షిణాది ఉద్యోగులు కూడా ఇక్కడ చాలాకాలంగా స్థిరపడ్డారు. సివిల్ సర్వీసు పరీక్షలకు సిద్ధమయ్యే తెలుగు యువతీయువకులకు ఈ పేట, దానిని ఆనుకుని ఉన్న ఓల్డ్ రాజేంద్రనగర్ సుపరిచితమే.

ఇంతమంది మనుషులకు ఆశ్రయమిచ్చిన ఈ పేట స్వరూపం మారిపోయింది. విశాలమైన వాకిళ్లున్న పాత ఇళ్ల స్థానంలో నాలుగంతస్తుల ఇరుకు భవనాలు లేచాయి. ఇళ్లలో కొన్ని హోటళ్లుగా, కొన్ని గిడ్డంగులుగా, మరికొన్ని విద్యార్థుల వసతి గదులుగా మారాయి. అద్దెకుండేవారు ఏడాదికో రెండేళ్లకో మారుతుంటారు. కుక్కను ఉంచుకోవడానికి ఇష్టపడని యజమానులు ఎక్కువ. వాకిలి ఉన్న రోజుల్లో కుక్క ఇంటికి కాపలా. వాకిలి పోయిన తరువాత అది మూడో అంతస్తు గదిలో రోజంతా బంధించి ఉంచవలసిన బాధ్యత. ఇల్లు మారడం, ఉద్యోగ బదిలీ, విదేశీయానం, వివాహం, ప్రసవం, పెద్దదిక్కు మరణం... కుటుంబంలో ఏ మార్పు వచ్చినా మొదటి వేటు దానిమీదే పడుతోంది.

వదిలిపెట్టే తీరు కూడా ఒక పద్ధతిలోనే ఉంటుంది. సొంత వీధిలో వదిలితే తిరిగి ఇంటికే వస్తుంది కాబట్టి, వాహనంలో ఎక్కించుకుని దూరంగా ఏ బజారులోనో, పార్కు దగ్గరో, ఆలయం వాకిట్లోనో దింపుతారు. తినడానికి ఏదైనా దొరికే చోటు కావడంతో పెద్ద బజార్లు ఇందుకు అనువుగా ఉంటాయి. ‘ఎవరో ఒకరు అన్నం పెట్టకపోతారా’ అన్నదే వదిలినవారు తమకు తాము చెప్పుకునే ఓదార్పు. ఇంట్లో పిల్లలకు మాత్రం ‘తోట ఉన్నవారింటికి పంపించాం’ అని చెబుతారు.

వేడుకగా కొనుగోలు, భారంగా వదులుకోలు

పెంపుడు కుక్కల కొనుగోలులో అవసరం కంటే వేడుక పాత్రే ఎక్కువైంది. 2003లో హచ్ టెలిఫోన్ సంస్థ ప్రకటనలో ఒక బాలుడి వెంట నడిచిన చిన్న పగ్ కుక్క దేశమంతటా ఇంటింటి ముచ్చటగా మారింది. ఆ జాతి కుక్కపిల్లలకు గిరాకీ అమాంతం పెరిగింది. ముక్కు చదునుగా ఉండే ఆ కుక్క వేసవిలో ఊపిరి తీసుకోవడానికే ఇబ్బంది పడుతుందని ప్రకటన చెప్పలేదు. తరువాతి కాలంలో మంచు ప్రదేశాలలో బండ్లు లాగే హస్కీ, ఆల్ప్స్ పర్వతాలలో పుట్టిన సెయింట్ బెర్నార్డ్ వంటి జాతులు కూడా, వేసవిలో 45 డిగ్రీలు దాటే ఢిల్లీలో హోదాకు చిహ్నాలయ్యాయి. రెండు నెలల పిల్లగా ముద్దులొలికిన జీవి ఏడాది తిరిగేసరికి ముప్పై కిలోలు పెరుగుతుంది. తిండి, టీకాలు, వైద్యం, వేసవిలో చల్లదనం, రోజుకు రెండు పూటలా నడక... వీటి ఖర్చు కొన్న ధర కంటే అనేక రెట్లని అప్పుడు తెలిసివస్తుంది. ముసలితనం వచ్చి నడుములు పడిపోయినప్పుడో, చర్మవ్యాధి సోకినప్పుడో భారం ఇంకా పెరుగుతుంది.

దీనికి తోడు భయం కూడా వీధి దారి చూపిస్తోంది. 2020లో కరోనా మహమ్మారి విజృంభించినప్పుడు పెంపుడు జంతువుల ద్వారా వ్యాధి సోకుతుందన్న వదంతితో పలు నగరాలలో కుక్కలను, పిల్లులను వదిలివేశారు. అందుకు ఆధారాలు లేవని, వాటిని వదిలివేయరాదని భారత జంతు సంక్షేమ మండలి ప్రకటించవలసి వచ్చింది. 2022 జూలైలో లక్నోలో పెంపుడు పిట్‌బుల్ దాడిలో ఒక వృద్ధురాలు మరణించిన దుర్ఘటన తరువాత, ఢిల్లీకి పొరుగునే ఉన్న ఘాజియాబాద్ నగర పాలక సంస్థ పిట్‌బుల్, రాట్‌వైలర్, డోగో అర్జెంటీనో జాతులను పెంచడాన్ని నిషేధించింది. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతుల పెంపకంపై ఆంక్షలు విధించాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. దానిని కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో కొట్టివేసింది. ఇటువంటి ఉత్తర్వుల ఉద్దేశం ప్రజల భద్రతే అయినా, వదులుకున్న కుక్కలను ఎవరు తీసుకుంటారన్న ఏర్పాటు లేనప్పుడు, జరిమానాకు జడిసిన యజమాని చీకటిలో కుక్కను వదిలిపెట్టే ప్రమాదం ఉంటుంది. ఇంట్లో గొలుసుతో ఉన్న ప్రమాదం గొలుసు లేకుండా వీధిలోకి వస్తుంది.

వీధి నేర్పని విద్య

వీధిలో పుట్టిన కుక్క పిల్లతనం నుంచే బతుకు విద్య నేర్చుకుంటుంది. రోడ్డు దాటడం, చెత్తకుండీలో తిండి వెతకడం, మనిషి చేతిలోని కర్రను దూరం నుంచే పసిగట్టడం దానికి తెలుసు. ఇంట్లో పెరిగిన కుక్కకు ఇవేవీ తెలియవు. కొత్త చోటికి వచ్చిన కుక్కను అక్కడి గుంపు తమ హద్దులోకి రానివ్వదు. అటువంటి కుక్క వాహనాల కింద పడుతుంది, తోటి కుక్కల కాట్లతో పుండ్లు పడుతుంది, లేదా ఆకలితో కృశిస్తుంది. బతికి బట్టకట్టిన దానివల్ల మరో సమస్య ఉంది. పెంపుడు కుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించే యజమానులు తక్కువ. కుక్క గర్భకాలం దాదాపు 63 రోజులే. ఏడాదికి రెండు ఈతలు ఈనగలదు. ఒక వీధిలోని కుక్కలన్నింటికీ నగర పాలక సంస్థ శ్రమపడి శస్త్రచికిత్సలు చేయించినా, బయటి నుంచి వచ్చి చేరిన ఒక్క ఆడకుక్క ఆ శ్రమను ఏడాదిలో వమ్ము చేయగలదు.

టీకాల గడువు తీరిన తరువాత రేబిస్ ప్రమాదం కూడా తోడవుతుంది. లక్షణాలు బయటపడిన తరువాత ఈ వ్యాధికి చికిత్స లేదు. కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపిన లెక్కల ప్రకారం 2024లో దేశంలో నమోదైన కుక్కకాటు కేసులు 37 లక్షలకు పైమాటే. కాటుకు గురయ్యేవారిలో పేదలు, పిల్లలు, రాత్రి పనివారు ఎక్కువ. కారులో వచ్చి కుక్కను వదిలివెళ్లిన కుటుంబానికి ఆ వీధిలో తెల్లవారుజామున పాలు వేసే కుర్రవాడి భయం తెలియదు. జంతువు పట్ల జరిగిన అన్యాయం చివరకు మనిషి మీదకే తిరిగి వస్తోందని గుర్తించాలి.

చట్టం ఉంది, కోరలు లేవు

పెంపుడు జంతువును వదిలివేయడం నేరమని చాలామందికి తెలియదు. ప్రసిద్ధ నర్తకి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా జరిపిన కృషి ఫలితంగా 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు. సరైన కారణం లేకుండా, ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలివేయడం ఆ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం క్రూరత్వమే. కానీ, మొదటిసారి నేరానికి విధించిన శిక్ష పది రూపాయల నుంచి యాభై రూపాయల వరకు జరిమానా మాత్రమే. మూడేళ్లలోగా మళ్లీ అదే నేరం చేస్తే జరిమానా వంద రూపాయల వరకు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు.

1960లో యాభై రూపాయలంటే సామాన్యునికి భారమే. ఇప్పుడు కరోల్‌బాగ్‌లో ఆ సొమ్ముతో ఒక ప్లేటు ఛోలే భటూరే కూడా దొరకడం కష్టం. వేలు పోసి కొన్న కుక్కను వదిలించుకోవడానికి చట్టం నిర్ణయించిన వెల ఇది. 2014లో జల్లికట్టు కేసులో తీర్పు చెప్పినప్పుడు సుప్రీంకోర్టు ఈ శిక్షలు చాలవని వ్యాఖ్యానించింది. జీవుల పట్ల కారుణ్యం చూపడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతున్నదని కూడా గుర్తు చేసింది. జరిమానాలు పెంచుతూ 2022 నవంబరులో కేంద్రం ఒక ముసాయిదా సవరణ బిల్లును ప్రజాభిప్రాయానికి విడుదల చేసింది. 2025 చివరి వరకు అది చట్టరూపం దాల్చలేదు.

నమోదు సంగతీ అంతే. 1957 నాటి ఢిల్లీ నగర పాలక సంస్థ చట్టం 399వ సెక్షన్ పెంపుడు కుక్కల నమోదుకు వీలు కల్పించింది. నమోదైన కుక్క మెడలో లోహపు బిళ్ల ఉండాలని, బిళ్ల లేని కుక్కను నిర్బంధించవచ్చని అందులో ఉంది. ఇంటి కుక్కకు బిళ్ల ఉంటే వీధిలో దొరికినప్పుడు యజమాని ఎవరో చిటికెలో తేలిపోతుంది. బిళ్ల లేనప్పుడు ‘ఇది నాది కాదు’ అనడం యజమానికి సులువు, నేరం రుజువు చేయడం పోలీసులకు అసాధ్యం. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లలను విక్రయించరాదని 2017 నాటి సంతానోత్పత్తి, విక్రయ నియమాలు, దుకాణాలకు నమోదు తప్పనిసరి అని 2018 నాటి నియమాలు నిర్దేశించాయి. ఇంటి వరండాలలో పిల్లలను పెట్టించి అమ్ముకునే చాటుమాటు వ్యాపారానికి ఈ నియమాలు అందనంత దూరంలో ఉన్నాయి.

న్యాయస్థానం ఎదుట వీధి కుక్క

2025లో ఈ సమస్య సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. కుక్కకాట్లు, రేబిస్ మరణాలపై వచ్చిన ఒక పత్రికా కథనాన్ని జూలై 28న న్యాయస్థానం తనంతట తానుగా విచారణకు స్వీకరించింది. ఆగస్టు 11న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఢిల్లీ, పరిసర నగరాలలోని వీధి కుక్కలన్నింటినీ పట్టుకుని ఆశ్రయాలకు తరలించాలని, తిరిగి వీధుల్లో వదలరాదని ఆదేశించింది. తొలి విడతగా 5,000 కుక్కలకు ఆశ్రయాలు సిద్ధం చేయాలని కూడా చెప్పింది. దీనిపై దేశమంతటా వాదోపవాదాలు చెలరేగాయి. పసిపిల్లలను పోగొట్టుకున్న కుటుంబాలు ఒకవైపు, జంతు ప్రేమికులు మరోవైపు నిలిచారు.

ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆగస్టు 22న ఆ ఉత్తర్వును సవరించింది. శస్త్రచికిత్స, టీకా పూర్తయిన కుక్కలను పట్టుకున్న చోటే తిరిగి వదలాలని, రేబిస్ సోకినవాటిని, దాడి స్వభావం గలవాటిని మాత్రం వదలరాదని చెప్పింది. తిండి పెట్టడానికి వార్డుకు నిర్ణీత ప్రదేశాలు ఉండాలని నిర్దేశించి, విచారణను దేశమంతటికీ విస్తరించింది. నవంబరు 7న పాఠశాలలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్ స్టేషన్లు, రైల్వే స్టేషన్ల నుంచి వీధి కుక్కలను తరలించాలని మరో ఉత్తర్వు వెలువరించింది.

ఆగస్టు 22 నాటి ఉత్తర్వులో పెద్దగా చర్చకు రాని వాక్యం ఒకటి ఉంది. వీధి కుక్కలను దత్తత తీసుకోదలచినవారు నగర పాలక సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చని, అలా తీసుకున్న కుక్క మళ్లీ వీధికి రాకుండా చూసే బాధ్యత వారిదేనని న్యాయస్థానం స్పష్టం చేసింది. వీధి నుంచి తెచ్చుకున్న కుక్క విషయంలో ఇంత కచ్చితమైన బాధ్యత ఉన్నప్పుడు, దుకాణంలో డబ్బు పోసి కొన్న కుక్క విషయంలో అంతకంటే తక్కువ ఎలా సరిపోతుందన్నదే ప్రశ్న.

లెక్క తేలని సంఖ్యలు

దేశంలో నిరాశ్రయ జంతువులు ఎన్ని అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. 2019 పశుగణన ప్రకారం వీధి కుక్కలు 1.53 కోట్లు. 2012 గణనలో ఇవి 1.71 కోట్లు. పెంపుడు జంతువుల ఆహారం తయారు చేసే మార్స్ సంస్థ ఆధ్వర్యంలో 2021లో వెలువడిన ఒక సూచీ మాత్రం వీధుల్లోనూ ఆశ్రయాల్లోనూ ఉన్న కుక్కలు, పిల్లులు కలిపి 8 కోట్లని అంచనా వేసింది. పిల్లులను కలిపినా ఇంత వ్యత్యాసం ఉండటం, లెక్కించే పద్ధతులే కుదురుకోలేదనడానికి నిదర్శనం. ఇళ్ల నుంచి ఏటా ఎన్ని వీధిపాలవుతున్నాయన్నది ఏ గణనలోనూ విడిగా లేదు. వీధిలో లెక్కకు అందే సమయానికి అది కూడా ‘వీధి కుక్క’ అయిపోతుంది.

అన్నింటినీ ఆశ్రయాలలో ఉంచడం సాధ్యమా అన్నది ఆర్థిక ప్రశ్న. ఢిల్లీలో దాదాపు పది లక్షల వీధి కుక్కలు ఉన్నాయన్న అంచనా 2025లో విస్తృతంగా వినిపించింది. ఒక్కొక్క దాని తిండికి రోజుకు 40 రూపాయలు చాలనుకున్నా రోజుకు 4 కోట్లు, ఏడాదికి 1,460 కోట్ల రూపాయలు కావాలి. స్థలం, పశువైద్యులు, మందులు, పనివారి జీతాలు ఇందులో కలపలేదు. అదే శస్త్రచికిత్స అయితే జీవితంలో ఒక్కసారి చేసే ఖర్చు. యజమాని తన కుక్కను వదలకుండా ఉంటే ఖజానాకు ఆ ఖర్చూ ఉండదు.

స్వచ్ఛంద ఆశ్రయాల పరిస్థితి అంతంత మాత్రమే. కరోల్‌బాగ్‌కు పడమరన రాజా గార్డెన్‌లో 1980లో ప్రారంభమైన సంజయ్ గాంధీ జంతు సంరక్షణ కేంద్రం, డిఫెన్స్ కాలనీ ఫ్లైఓవర్ కింద 1979 నుంచి నడుస్తున్న ఫ్రెండికోస్ రాజధానిలో పేరున్న సంస్థలు. నిధుల కొరతతో 2015లో ఫ్రెండికోస్ మూతపడే స్థితికి వచ్చింది. దాతలు ముందుకు రావడంతో గట్టెక్కింది. గాయపడిన జీవుల కోసం ఏర్పాటైన ఇటువంటి ఆశ్రయాల గేటు దగ్గర ఆరోగ్యంగా ఉన్న పెంపుడు కుక్కలను కట్టివేసి వెళ్లేవారికి కొదవ లేదు. ఒక ఇంటి సౌకర్యం కోసం, కాలు విరిగిన మరో జీవికి దక్కవలసిన చోటు పోతోంది.

తెలుగు నేలపైనా అదే కథ

తెలుగు నగరాలు ఇందుకు మినహాయింపు కాదు. హైదరాబాద్‌లో అమల అక్కినేని 1992లో స్థాపించిన బ్లూక్రాస్, విశాఖపట్నంలో 1996లో ఏర్పడిన విశాఖ జంతు సంరక్షణ సంఘం గాయపడిన, వదిలివేసిన జంతువుల బాధ్యతను మోస్తున్నాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు వీధి కుక్కల దాడిలో మరణించిన ఘటన రాష్ట్రాన్ని కలచివేసింది. ఆ తరువాత కుక్కల పట్టివేత, శస్త్రచికిత్సల గురించి విస్తృతంగా చర్చ జరిగింది. అపార్టుమెంట్ల సంస్కృతి పెరిగిన కొద్దీ ఢిల్లీ అనుభవం ఇక్కడా పునరావృతం కాక తప్పదు. పల్లెలో కుక్క ఊరందరిదీ. ఒక ఇంట అన్నం లేకపోతే మరో ఇంట దొరికేది. నగరంలో అది ఒక్క కుటుంబానిదే. ఆ కుటుంబం తలుపు మూసుకుంటే మరో తలుపు తెరుచుకోదు.

ఇతర దేశాల అనుభవం

వీధి కుక్కలను ఒక్కసారిగా తొలగించాలన్న ప్రయత్నాలకు చరిత్రలో చేదు ఫలితాలే ఉన్నాయి. 1832లో బొంబాయిలో కుక్కల సంహారానికి వ్యతిరేకంగా పార్సీలు వీధులకెక్కగా అల్లర్లు చెలరేగాయి. 1910లో ఇస్తాంబుల్ అధికారులు వేలాది కుక్కలను సముద్రంలోని ఒక నిర్జన ద్వీపంలో వదిలివేయగా అవి ఆకలిదప్పులతో చనిపోయాయి. చెన్నై నగరంలో 1860లో మొదలైన పట్టి చంపే విధానం శతాబ్దానికి పైగా కొనసాగినా కుక్కలు తగ్గలేదు. 1996లో అక్కడ సంతాన నిరోధక కార్యక్రమం దాని స్థానాన్ని తీసుకుంది.

యజమానిని బాధ్యుణ్ణి చేసిన దేశాలకు మెరుగైన ఫలితాలు దక్కాయి. పొరుగున ఉన్న భూటాన్ 2009లో ప్రారంభించిన కార్యక్రమాన్ని ఓపికగా కొనసాగించి, తమ వీధి కుక్కలన్నింటికీ శస్త్రచికిత్సలు పూర్తయ్యాయని 2023లో ప్రకటించింది. వీధి కుక్కలతో పాటు పెంపుడు కుక్కలకు కూడా గుర్తింపు చిప్‌లు అమర్చడం అందులో భాగం. ఇంగ్లండులో 2016 నుంచి ప్రతి పెంపుడు కుక్కకు చర్మం కింద చిప్ తప్పనిసరి. బియ్యపుగింజంత ఉండే ఆ చిప్‌లోని సంఖ్య యజమాని చిరునామాను పట్టిస్తుంది. జర్మనీలో జంతువును వదిలివేసినవారికి 25,000 యూరోల వరకు జరిమానా ఉంటుంది. ఫ్రాన్సులో 45,000 యూరోల జరిమానాతో పాటు మూడేళ్ల వరకు జైలు శిక్ష విధించవచ్చు. 2024 నుంచి అక్కడ దుకాణాలలో కుక్కల, పిల్లుల విక్రయాన్నే నిషేధించారు.

చేయవలసినది ఏమిటి?

పరిష్కారానికి కావలసిన పనిముట్లలో చాలా భాగం మన చట్టాలలోనే ఉన్నాయి. నమోదును కాగితాలకు పరిమితం చేయకుండా కుక్కను అమ్మే చోటే, అమ్మిన రోజే పూర్తి చేయించాలి. బిళ్లతో పాటు చిప్ ఉంటే దానిని విప్పి పారవేయడం కుదరదు. శస్త్రచికిత్స చేయించిన యజమానికి రుసుములో రాయితీ ఇవ్వవచ్చు. జరిమానాను కుక్క ధరకు తగిన స్థాయికి పెంచాలి. నిజంగా పెంచలేని స్థితిలో ఉన్నవారు, ముఖ్యంగా యజమాని మరణించిన ఇళ్లవారు, కుక్కను నిందలేమీ లేకుండా అప్పగించేందుకు ప్రతి మండలంలో ఒక కేంద్రం ఉండాలి. ఈ చివరి ఏర్పాటు లేకుండా జరిమానా ఒక్కటే పెంచితే వదిలివేతలు మరింత చాటుగా జరుగుతాయి. కొనేముందు ఆలోచించవలసింది మాత్రం కుటుంబమే. కుక్క పదేళ్లకు పైగా బతుకుతుంది. ఆ పదేళ్లలో ఎన్ని ఇళ్లు మారతామో, ఎవరు ఎక్కడ ఉంటారో లెక్క వేసుకోని ఇంటికి దానిని తెచ్చే హక్కు లేదు.

మహాప్రస్థానంలో చివరిదాకా వెంట వచ్చిన శునకాన్ని విడిచి స్వర్గ రథం ఎక్కనన్న ధర్మరాజు కథ తెలియని భారతీయులు అరుదు. ఆశ్రితుణ్ణి విడవడం పాపమన్నదే ఆయన చెప్పిన కారణం. ఆ కథ వింటూ పెరిగినవారి నగరంలోనే, అజ్మల్ ఖాన్ రోడ్డులో అర్ధరాత్రి కారు ఆగిన చప్పుడుకు ఒక కుక్క ఇప్పటికీ లేచి నిలబడుతుంది. యజమాని తనను వదిలేశాడన్న సంగతి దానికి ఇంకా తెలియదు.